రంజాన్ నెలలో నెల్లూరు రొట్టె

కువైట్ వంటశాలల్లో పనిచేసేవాళ్లకు ఏడాదంతా ఒక ఎత్తు, రంజాన్ నెల ఒక ఎత్తు. కార్యాలయాల పనివేళలు తగ్గుతాయి. పగలు బయట ఎవరూ మంచినీళ్లు కూడా తాగరు, చట్టం ఒప్పుకోదు. మా క్యాటరింగ్ వంటశాలకు మాత్రం అసలు పని అప్పుడే. సూర్యాస్తమయాన ఉపవాసం విడిచే వేళ అయిందని చెప్పే ఇఫ్తార్ ఫిరంగి నాయిఫ్ కోటలో పేలేలోపు బండ్లన్నీ చేరవలసిన చోటికి చేరాలి. హమ్మయ్య అనుకునేలోపే రాత్రి గబ్గా విందులు, ఆ తర్వాత తెల్లవారుజామున సహర్ భోజనాలు. నెల మధ్యలో పిల్లల పండుగ గర్గియాన్ వస్తుంది. ఇక గోధుమలూ మాంసమూ గంటల తరబడి ఉడికించి మెత్తగా ఎనిపే హరీస్ సంగతి చెప్పనక్కరలేదు. ఆ డేగ్షా దగ్గర నిలబడినవాడి భుజాలకే తెలుస్తుంది.

ఇంత పనిలో ఒకరికి కృతజ్ఞత చెప్పే తీరిక ఎక్కడిది అని తోటివాళ్లు అంటారు. తీరిక దొరికాక చెప్పే కృతజ్ఞత సగం చల్లారిపోతుందని నా నమ్మకం. మనం ఎవరి చేతుల మీద నిలబడ్డామో కళ్ల ముందు కనబడేది పని ముమ్మరంగా ఉన్నప్పుడే.

మా దగ్గర గిన్నెలు తోమే పెద్దాయనది బంగ్లాదేశ్. మసాలా ఆవిర్ల మధ్య నిలబడి, నోట్లో చుక్క నీరు పోసుకోకుండా, పెద్ద పెద్ద డేగ్షాలు తోముతారు. 2016లో రంజాన్ జూన్ నెలలో వచ్చింది. ఉపవాసం రోజుకు 15 గంటలకు పైగా సాగేది. బయట అడుగు పెడితే మొహం కాలిపోయే ఎండ. ఆ నెలలో కూడా ఆయన నోట విసుగు మాట నేను వినలేదు. ఉపవాసం లేని నేను ఆయన తోమిన గిన్నెలోనే వంట చేశాను. అప్పటి నుంచి ఇఫ్తార్ బండ్లు కదిలాక దొరికే ఆ కాసేపట్లో, అందరం నేల మీద ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నప్పుడు, మొదటి ఖర్జూరం, మొదటి గ్లాసు మజ్జిగ ఆయనకు నా చేత్తోనే అందిస్తాను. హడావిడి ఎంత ఉన్నా దీన్ని మాత్రం వదలను.

ఈ అలవాటుకు మూలం నెల్లూరులో ఉంది. మాది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. వానను నమ్ముకుని బతికే ఊళ్ల నుంచి గల్ఫ్ దారి పట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. బయలుదేరే ముందు మొహర్రంలో అమ్మ నన్ను రొట్టెల పండుగకు తీసుకెళ్లింది. బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడితే, ముక్కూమొహం తెలియని ఒకావిడ నా చేతిలో ఉద్యోగ రొట్టె పెట్టింది. వాళ్లబ్బాయికి ఉద్యోగం వచ్చిందట, ఆ మొక్కు తీర్చుకుంటోంది. చదువు, పెళ్లి, సంతానం, ఆరోగ్యం, ఇల్లు, ఏది కోరుకుంటే ఆ రొట్టె పట్టుకోవాలి. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరికతో నిలబడ్డవాళ్లకు రొట్టె ఇవ్వాలి. హిందువులని, ముస్లింలని తేడా ఉండదు.

ఆ తల్లిని నేను మళ్లీ చూడలేదు. చూడవలసిన అవసరం కూడా ఆ పండుగలో లేదు. నేను తీర్చుకోవలసింది ఆమెకు కాదు, నాలాగే ఖాళీ చేతులతో నిలబడ్డవాడికి. మొహర్రంకు నాకు సెలవు దొరకదు కాబట్టి, ఏటా అమ్మే బస్సెక్కి నెల్లూరు వెళ్లి నా బదులు రొట్టె ఇచ్చి వస్తోంది.

ఇక్కడ కూడా అలాంటి చేతులు కనబడుతూనే ఉంటాయి. ఈసారి కనిగిరి దగ్గరి కుర్రవాడు ఒకడు కొత్తగా చేరాడు. మొదటి రంజాన్ అందరికీ కష్టమే. కువైట్ కంటే వాళ్ల ఊరు రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. మాకు ఇఫ్తార్ హడావిడి తగ్గేసరికి అక్కడ వాళ్లమ్మ పడుకునే వేళవుతుంది. అందుకే ఆ సమయంలో వాడి పొయ్యి నేను చూసుకుంటాను. "అన్నా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా" అంటాడు. నిదానంగా మాట్లాడి రమ్మంటాను.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా జిల్లాల నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఈ నెల మాకంటే బరువు. ఇఫ్తార్ వడ్డించేదీ వాళ్లే, సహర్‌కు లేచేదీ వాళ్లే. ఇంటి పనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికొక సెలవు ఇవ్వాలని 2015లో ఇక్కడ చట్టం వచ్చింది. పండుగనాడు చేతిలో పెట్టే కొత్త బట్టలు మంచివే, కానీ ఆ తల్లులకు చెప్పవలసిన కృతజ్ఞత నాలుగు గంటల కమ్మని నిద్ర, నెల తిరగగానే జీతం.

రంజాన్ వెళ్లిన మూడు నెలలకు మొహర్రం. ఈ ఏడు ఉద్యోగ రొట్టెతో పాటు ఆరోగ్య రొట్టె కూడా చేసుకుని వెళ్లమని అమ్మకు చెప్పాను, గిన్నెలు తోమే మా పెద్దాయన కంటి ఆపరేషన్ బాగా జరిగింది. పక్కనే ఉన్న కుర్రవాడు ఫోను అందుకుని, "అవ్వా, నా పేరు మీద ఒక ఇంటి రొట్టె పట్టుకుంటావా?" అని అడిగాడు. పట్టుకుంటానంది, మరుసటి ఏడు తిరిగి ఇవ్వడానికి మాత్రం వాణ్ణే రమ్మంది.