జ్వరం తగ్గకపోతే ఒక రక్తపరీక్ష

మా బాబుకి లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అని తెలిశాక అందరూ అడిగింది ఒకటే: "పిల్లలకి కూడా క్యాన్సర్ వస్తుందా?" వస్తుందండీ. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది రక్త క్యాన్సరే. దిష్టి తగిలి వచ్చేది కాదు, అంటుకునేది అసలే కాదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ తన పిల్లల్ని మావాడి దగ్గరికి రానివ్వలేదు. నిజానికి వాళ్ల జలుబే వీడికి ప్రమాదం.

కీమో (క్యాన్సర్ మందుల చికిత్స) నడిచేటప్పుడు ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే మాత్ర వేసి తెల్లారేదాకా చూడకూడదు, అర్ధరాత్రైనా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. అందుకే మా థర్మామీటర్ దేవుడి గూట్లోనే ఉంటుంది. బయటి తిండి బంద్. పానీపూరీ కావాలని ఏడిస్తే కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లోనే చేశాను, పుదీనా కూడా ఉడకబెట్టి. పచ్చరంగు పోయిందని అలిగాడు, అయినా గిన్నె ఖాళీ చేశాడు.

వారాల తరబడి తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి, పొట్టలో గడ్డ, ఫొటోలో కంటిపాప తెల్లగా మెరవడం... ఇవి పిల్లల్లో వచ్చే రకరకాల క్యాన్సర్ల గుర్తులు కావచ్చు, కనిపిస్తే డాక్టర్‌ని గట్టిగా అడగండి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియాకి చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది, సరిగ్గా చేయిస్తే చాలామంది పిల్లలు కోలుకుంటారు. డబ్బు లేదని ఆగిపోవద్దు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది.

సెప్టెంబర్ పిల్లల క్యాన్సర్ అవగాహన నెల. దాని గుర్తు బంగారు రిబ్బన్, డీపీ పెట్టుకోండి, సంతోషం. దాంతోపాటు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి కావలసిన కణాలు) కూడా ఇవ్వండి. అవి 5 రోజులకు మించి నిల్వ ఉండవు, దాతలు ఎప్పుడూ కావాలి.