మేనల్లుడి ఫోను నెంబరు

శనివారం రాత్రి పదిన్నరకు మా మేనల్లుడు ఫోను చేశాడు. "అత్తా, బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. నాకు కార్డు ఇవ్వలేమని రాశారు. అసలు నేను దరఖాస్తే పెట్టలేదు" అన్నాడు. వాడు డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్నాడు. క్యాంపస్ ఉద్యోగం కోసం తీసుకున్న సోషల్ సెక్యూరిటీ నెంబరును, అంటే అప్పిచ్చేవాళ్లు మనిషిని గుర్తుపట్టే ప్రభుత్వ నెంబరును, అద్దె ఇళ్ల దరఖాస్తుల మీద ఎన్ని చోట్ల రాసిచ్చాడో వాడికే గుర్తులేదు.

"ఎలాగూ ఇవ్వలేదుగా, పోనీలే" అన్నాడు. నాకు భయం వేసింది అక్కడే. ఆ నెంబరుతో ఎవరో దొంగ వాడి పేరున దరఖాస్తు పెట్టినట్టే. ఒక బ్యాంకు కాదంటే ఆ దొంగ ఇంకో బ్యాంకు తలుపు తడతాడు.

ఆ రాత్రే ఎక్స్‌పీరియన్ సైటులో ఫ్రాడ్ అలర్ట్ పెట్టించాను. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ మనుషుల అప్పుల చరిత్ర రాసి ఉంచే మూడు సంస్థలు. అలర్ట్ అంటే, ఈ మనిషి పేరున అప్పు ఇచ్చే ముందు అడిగింది నిజంగా అతనేనా అని చూసుకోండి అని ఆ చరిత్ర మీద పెట్టే హెచ్చరిక. పైసా ఖర్చు లేదు. ఒక్కరికి చెబితే చాలు. ఈక్విఫాక్స్‌కూ ట్రాన్స్‌యూనియన్‌కూ వాళ్లే కబురు చేరవేయాలని చట్టం. అది ఏడాది ఉంటుంది. వినియోగదారుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ వారి ఐడెంటిటీథెఫ్ట్ డాట్ గవ్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ పత్రం చూపిస్తే ఏడేళ్ల అలర్ట్ ఇస్తారు. మర్నాడు కూర్చోబెట్టి అదీ చేయించాను. ఫ్రీజ్ అయితే, అంటే కొత్తగా అప్పిచ్చేవాళ్లకు ఆ చరిత్ర చూపించకుండా ఆపేయడమైతే, ఇంకా గట్టి తాళం. కానీ మూడు సంస్థల దగ్గరా విడివిడిగా వేయాలి, అప్పు కావలసినప్పుడు తీయించుకోవాలి. వాడు ఆ నెలలోనే కారు అప్పుకు వెళ్తున్నాడు కాబట్టి ఫ్రీజ్ సంగతి తర్వాత చూద్దామన్నాను.

ఈ అలర్ట్ దరఖాస్తులో అందరూ తేలిగ్గా దాటేసే గడి ఒకటుంది: ఫోను నెంబరు. ఏడేళ్ల అలర్ట్ ఉన్న మనిషి పేరు మీద కొత్త అప్పు ఇవ్వాలంటే, ఆ గడిలో ఉన్న నెంబరుకు ఫోను చేసి గానీ, మనిషిని ఎదురుగా చూసి గానీ అడగాలి. మా వాడేమో రూమ్మేట్ల ఫ్యామిలీ ప్లానులో చేరి నెంబరు మార్చుకోబోతున్నాడు! పిల్లలు ఇక్కడ సెమిస్టరుకో నెంబరు మారుస్తారు. "ప్లాను మార్చుకో నాన్నా, నెంబరు మాత్రం పాతదే ఉంచు" అని బతిమాలాను. తెలియని నెంబరైనా ఆ రోజుల్లో ఫోను ఎత్తమన్నాను. ఎత్తాక సోషల్ సెక్యూరిటీ నెంబరు అడిగితే చెప్పకుండా, బ్యాంకు సైటులో ఉన్న నెంబరుకు నువ్వే తిరిగి చెయ్యమన్నాను. ఉన్న ఖాతాలను అలర్ట్ కాపాడదు. వాటి స్టేట్‌మెంట్లు వాడే చూసుకోవాలి.

మూడు వారాల తర్వాత వాడు కారు షోరూములో కాగితాల మీద సంతకాలు పెడుతుండగా ఫోను మోగింది. "ఈ అప్పు అడుగుతున్నది మీరేనా?" అని అవతల బ్యాంకు వాళ్లు. అది పెట్టెయ్యగానే వాడు నాకు చేశాడు. "అత్తా, అడిగారు!"