మంచు కింద గడ్డి

కెనడాలోని కాల్గరీలో ఉండే మనవాళ్లు వీకెండ్‌కి నేను పనిచేసే ఊరు కాన్‌మోర్ వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "ఏం తమ్ముడూ, గోల్ఫ్ కోర్స్ మొత్తం మంచులో ఉంటే నీకేం పని? జీతం ఊరికే ఇస్తున్నారా?" ఆ మాట అనేసి, ఫెయిర్‌వే మీద, అంటే బంతి కొట్టుకుంటూ వెళ్లే పొడవాటి పచ్చిక మీద, ఫోటోలు దిగి, ఫ్లాస్కులో తెచ్చుకున్న చాయ్ తాగి వెళ్లిపోతారు.

పని లేకేం. శీతాకాలం ముందే కంప్రెసర్ పెట్టి స్ప్రింక్లర్ పైపుల్లోని నీళ్లన్నీ బయటికి ఊదేస్తాం, లేకపోతే గడ్డకట్టి పైపులు పగులుతాయి. మంచు కప్పేసేలోపు గ్రీన్స్ మీద, అంటే గుంత చుట్టూ బంతి దొర్లించే పొట్టి గడ్డి మీద, శిలీంధ్రనాశిని కొడతాం. కొట్టకపోతే స్నో మోల్డ్ అనే తెగులు పట్టి, మంచు కరిగాక బూడిద రంగు, గులాబీ రంగు మచ్చలు తేలతాయి. ఆ తర్వాత షెడ్డులో కూర్చుని మోవర్ బ్లేడ్లు సాన పట్టడమే.

బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ అయ్యాక ఆల్బర్టాలోని ఓల్డ్స్ కాలేజీలో ఈ గడ్డి చదువే చదివాను. బయట మైనస్ ముప్పై ఉన్నా, అడుగున్నర పొడి మంచు కింద నేల సున్నాకి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. పొడి మంచులో గాలి ఎక్కువ కాబట్టి చలి కిందికి దిగదు. అందుకే బాగా మంచు పడిన రోజు మా సూపరింటెండెంట్ ముఖం వెలిగిపోతుంది. మా టెన్షనంతా చినూక్‌తోనే.

పసిఫిక్ నుంచి వచ్చే గాలి రాకీస్ కొండల అవతలే తడినంతా వదిలేసి, ఇవతలికి దిగుతూ వేడెక్కుతుంది. అదే చినూక్. జనవరిలో కూడా మంచు నీళ్లవుతుంది. ఊరంతా జాకెట్లు విప్పి సంబరపడుతుంది. ఆ నీళ్లు గ్రీన్ పల్లంలో చేరి, రాత్రికి ఐస్ పలకగా బిగుసుకుంటాయి. ఇక గాలి ఆడదు. నారుమడిలో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోతే నారు కుళ్లుతుంది చూడండి, ఇదీ అంతే. బెంట్‌గ్రాస్ అనే గడ్డి అయితే మూడు నెలల దాకా ఓర్చుకుంటుంది. పోవా ఆన్యువా అనే గడ్డి మాత్రం నెలన్నర, రెండు నెలలకే చచ్చిపోతుంది. మా గ్రీన్స్‌లో రెండూ కలిసే ఉంటాయి. ఐస్ కట్టిన తేదీని సూపరింటెండెంట్ షెడ్డు క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాస్తారు.

స్కీయింగ్ వాళ్లు తాళ్లు దాటి గ్రీన్స్ మీదికి రాకూడదని మేం మొత్తుకునేదీ ఇందుకే. తొక్కిన మంచు గట్టిపడి ఐస్ అవుతుంది. మనుషులకైతే చెప్పగలం, ఎల్క్‌లకు, ఆ పెద్ద దుప్పులకు, ఎవరు చెబుతారు?

ఫిబ్రవరిలో పరీక్ష. డ్రిల్లుకి గుండ్రంగా కోసే రంపం, హోల్ సా, బిగించి, ఐస్‌నీ గడ్డకట్టిన నేలనీ కోసి, గ్రీన్‌కో ముక్క చొప్పున తీస్తాం. టీ గ్లాసంత ముక్క. ట్రేలో పెట్టి, ఏ గ్రీన్‌దో చీటీ గుచ్చి, షెడ్డు కిటికీ దగ్గర వెచ్చగా ఉంచి నీళ్లు చిలకరిస్తాం. బతికి ఉంటే వారం పది రోజుల్లో సూదిమొనల్లా పచ్చటి చిగుళ్లు లేస్తాయి. కొన్ని ముక్కలు తీస్తుండగానే కుళ్లు వాసన కొడతాయి. వాటికి కిటికీ కూడా దండగే.

ఈసారి ఏడో గ్రీన్ ముక్కలో ఒక అంచునే పచ్చదనం కనిపించింది. బెంట్‌గ్రాస్ విత్తనానికి ఆర్డర్ పెట్టేశారు. నేల కరగగానే చల్లి, మొలక వచ్చేదాకా కవర్ కప్పి ఉంచాలి. కోర్స్ తెరిచాక కొన్నాళ్లు ఏడో హోల్‌కి ఫెయిర్‌వే మీదే టెంపరరీ గ్రీన్ కట్ చేస్తాం. అక్కడ బంతి సరిగ్గా దొర్లదు. మెంబర్ల సణుగుడంతా మోవర్ మీద ఉన్న నేనే వినాలి.