గోపాల్‌పూర్ సముద్రంలో పెద్ద ఓడల దారి

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్ళినా బరంపురం బజారులో తెలుగు వినబడుతూనే ఉంటుంది. సరకు ఓడల మీద చాలాకాలం చుక్కాని పట్టిన మా మావయ్యను వెంటబెట్టుకొని అక్కడి నుంచి గోపాల్‌పూర్ వెళ్ళాను. ఒకప్పుడు ఇక్కడ ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేస్తే, తెలుగు మాట్లాడే నోలియా జాలర్లు తమ పడవల్లో సరకును, బర్మా వెళ్ళే కూలీలను కెరటాలు దాటించేవారు. ఇప్పటి రేవు ఉత్తరాన ఆర్జిపల్లి వైపు ఉంది.

దూరాన ఒక బల్క్ క్యారియర్ (ఖనిజం, బొగ్గు లాంటి సరకును గుట్టగా మోసే ఓడ) కదలనట్టే కనబడింది. అది కదులుతూనే ఉందని మావయ్య అన్నాడు. "దానికి బ్రేకుల్లేవు బాబూ, ఇంజను వెనక్కి తిప్పినా మైళ్ళు పోయాకే ఆగుతుంది." అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2002లో ఆమోదించిన ప్రమాణం ప్రకారం, పూర్తి వేగంతో పోతున్న ఓడ ఇంజనును వెనక్కి తిప్పాక తన పొడవుకు 15 రెట్ల దూరంలోపు ఆగితే చాలు, అంటే 250 మీటర్ల ఓడకు దాదాపు మూడు ముప్పావు కిలోమీటర్లు. సుమారు నాలుగు లక్షల టన్నుల ఇనుప ఖనిజం మోసే వాలేమాక్స్ ఓడల పొడవు దాదాపు 360 మీటర్లు, నిండా సరకుంటే నీటిలో మునిగే లోతు 23 మీటర్లు. అలాంటివి ప్రపంచంలో కొన్ని లోతైన రేవులకే వెళ్ళగలవు. నీరు తక్కువైన చోట వేగం పెంచితే ఓడ మరింత కిందికి దిగుతుంది. వేగం తగ్గి, ఓడను నెట్టే ప్రొపెల్లర్ రెక్కల నుంచి నీటి తాకిడి తగ్గితే ఓడ చుక్కాని మాట వినదు. అందుకే రేవు దగ్గర ఓడకు దారి చూపే స్థానిక పైలట్, ఓడను లాగే, నెట్టే టగ్గు పడవలు తప్పనిసరి.

నన్ను బాగా కలవరపెట్టిన విషయం మరొకటి. ఇలాంటి ఓడల్లో ఓడ నడిపే గది, అంటే బ్రిడ్జి, వెనక ఉంటుంది కనుక, ముక్కు ముందు కొంతమేర నీరు కనబడదు. నిబంధనలు 500 మీటర్ల వరకు దాన్ని అనుమతిస్తాయి. ఆ మేరలో చిన్న ఫైబర్ పడవ ఉంటే బ్రిడ్జిలో ఉన్నవాళ్ళ కళ్ళకు కనబడదు, రాడార్‌కూ సరిగా అందకపోవచ్చు. ఈ మాట ప్రతి జాలరి పల్లెలో తెలుగులోను, ఒడియాలోను చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

వల సర్దుకుంటున్న ఒక నోలియా యువకుడు, "వల వేశాక ఎలా తప్పుకుంటాం?" అని అడిగాడు. ఓడల దారిలో వల వేయవద్దని, దాటవలసివస్తే ఓడ వెనక నుంచి, రెక్కలు చిమ్మే నీటికి బాగా ఎడంగా దాటమని మావయ్య ఇసుకలో గీసి చూపాడు.