బ్రాయిలర్ బ్యాచ్‌కు బాధ తగ్గించడం: షెడ్డు నుంచి కత్తి దాకా నా అనుభవం

చిత్తూరు చుట్టుపక్కల షెడ్లున్న చాలామందిలాగే నేనూ కంపెనీ కోళ్లే పెంచుతాను. పిల్లలు, మేత, మందులు వాళ్లవి. షెడ్డు, కరెంటు, కూలీ నావి. మాంసం తింటాను కూడా. కాబట్టి తినడం పాపమా కాదా అనే వాదనలో నేను తీర్పరిని కాను. వాదించుకునే ఇద్దరూ కత్తి దగ్గరే ఆగిపోవడం మాత్రం నాకు వింతగా ఉంటుంది. కత్తికి ముందు 40 రోజులున్నాయి, కోడి పడే బాధలో పెద్ద వాటా అక్కడే ఉంది.

పిల్లలు దిగే ముందు రోజుకే నేల మీద 2-3 అంగుళాల పొట్టు పరిచి ఉండాలి. మా వైపు చెనిక్కాయ పొట్టు సులువుగా దొరుకుతుంది. వానకు తడిసిన పొట్టు తెస్తే అందులోని బూజు పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయి, మొదటి వారంలోనే నోరు తెరుచుకుని ఆయాసపడుతూ చస్తాయి. ముక్కవాసన వస్తే ఆ లోడు వెనక్కి పంపడమే. బ్రూడరు (పిల్లలకు వెచ్చదనమిచ్చే బల్బుల గొడుగు) కింద మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ పోవడం అందరికీ తెలిసిందే. నేను థర్మామీటర్ కన్నా పిల్లల్నే ఎక్కువ నమ్ముతాను. బల్బు కింద ఒకదానిమీదొకటి ఎక్కితే చలి, చిక్‌గార్డు (పిల్లల చుట్టూ కట్టే అడ్డు) అంచుకు పారిపోతే వేడి, అన్నీ ఒకే పక్కకు చేరితే ఎక్కడో గాలి కొడుతోంది.

రాత్రంతా లైటు వేస్తే ఎక్కువ తిని బరువొస్తాయని సూపర్‌వైజర్లు చెబుతారు. మొదటి వారం దాటాక నేను రాత్రి 4 నుంచి 6 గంటల పాటు చీకటి ఇస్తాను. తినని ఆ గంటల లోటు కోడి తర్వాత పూడ్చుకుంటుంది. కాళ్లు వంకరపోవడం, బాగున్న కోడి ఉన్నట్టుండి వెల్లకిలా పడి చావడం తగ్గుతాయి.

అసలు పని చివరి రెండు వారాల్లో, పొట్టు దగ్గర. పిడికెడు తీసి నొక్కి వదలండి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్టు, కాస్త అంటుకుని విడిపోతే సరైన పదును, అసలు అంటకపోతే దుమ్ము. తడి ముందు మొదలయ్యేది నిపుళ్ల (కోడి ముక్కుతో పొడిస్తే నీళ్లు వచ్చే పైపు మొనల) కింద. నిపుల్ కోడి కంటి ఎత్తులోనే ఉండిపోతే అది తల పక్కకు తిప్పి తాగి సగం నీళ్లు కింద పోస్తుంది. కోడి పెరిగేకొద్దీ మెడ చాచి తాగేలా లైను ఎత్తుతూ పోవాలి. తడి పొట్టులో రెట్ట కుళ్లి అమ్మోనియా పుడుతుంది. నిలబడి చూస్తే తెలియదు, కోడి తల ఎత్తుకు కూర్చోవాలి. కళ్లు మండాయంటే అప్పటికే ఆలస్యం. దీనికి సున్నం చల్లడం చాలామందికి అలవాటు. తడి గడ్డల మీద సున్నం పడితే అమ్మోనియా ఇంకా గుప్పుమని లేస్తుంది. గడ్డలు పారతో తీసేసి, కొత్త పొట్టు వేసి, మిగతాది రోజూ తిరగదోడాల్సిందే. ఇది చేయని షెడ్డులో కోడి పాదం తిప్పి చూడండి, మధ్యలో నల్లటి పుండు ఉంటుంది. షాపులో కాళ్లు కోసేస్తారు కాబట్టి కొనేవాళ్ల కంట పడదు.

కోడికి చదరపు అడుగు అనేది మన దగ్గర నడిచే లెక్క. 5,000 చదరపు అడుగుల షెడ్డులో వేసవి బ్యాచ్‌కు నేను 4,000 దాటి దింపుకోను. కంపెనీ సణుగుతుంది. యూరప్ నిబంధనలో గరిష్ఠ పరిమితి చదరపు మీటరుకు 33 కిలోల కోడి బరువు దగ్గర మొదలవుతుంది. 2 కిలోల కోడికి మన చదరపు అడుగు లెక్క 21-22 కిలోలే కదా, మనమే నయం అనిపిస్తుంది. కానీ అక్కడివి ఎక్కువగా ఫ్యాన్లు గాలి నడిపే షెడ్లు. మనవి వల కట్టిన రేకుల షెడ్లు, పైన మే నెల ఎండ.

కోడికి చెమట పట్టదు. ఎగపోస్తూనే ఒంటి వేడి దించుకోవాలి. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా మేత గిన్నెలు పైకి ఎత్తేస్తాను. రేకుల మీద కొబ్బరి మట్టలు వేసి తడపాలి, నీళ్ల ట్యాంకుకు తడి గోనె చుట్టాలి. పరదాలు మూసేసి ఫాగర్లు (నీళ్లను పొగమంచులా చిమ్మేవి) వేసేవాళ్లున్నారు. గాలి కదలకుండా తేమ పెరిగితే ఎంత ఎగపోసినా వేడి పోదు. ఫ్యాన్ లేనిచోట ఫాగర్ వద్దు.

కాళ్లు పడిపోయి మేత దాకా పోలేని కోడిని 'చూద్దాంలే' అని వదిలేయడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద క్రూరత్వం. అది దాహంతో చస్తుంది. కనిపించిన రోజే మెడ విరవాలి. ఒక చేత్తో కాళ్లు, ఇంకో చేత్తో తల వెనక పట్టుకుని ఒక్క ఊపులో సాగదీసి తల వెనక్కి వంచాలి. జాలిపడి మెల్లగా చేస్తే రెండుసార్లు చంపినట్టవుతుంది.

ఇక తమిళుల పెరటాసి నెల. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా తిరుపతి, చిత్తూరులో చాలా ఇళ్లల్లో మాంసం ముట్టరు, అరవదేశంలోనూ అంతే. మార్కెట్ పడిపోతుంది, కంపెనీ లిఫ్టింగ్ (పెరిగిన కోళ్లను ఎత్తుకుపోవడం) వాయిదా వేస్తుంది. మూగజీవాలకు మేలని పాటించే నెలలో షెడ్డులోని కోళ్లకే ఎక్కువ కష్టం: రెండున్నర కిలోలు దాటి, అదే నేల మీద ఇరుకై, కాళ్లు మోయలేక కూలబడతాయి. ఆగస్టు రెండో వారంలో దిగే పిల్లలు సరిగ్గా ఇందులో ఇరుక్కుంటాయి. అందుకే ఆ బ్యాచ్‌కు పిల్లల సంఖ్య తగ్గించమంటాను, లేదా బరువైనవాటిని ముందు ఎత్తేలా రెండు విడతల లిఫ్టింగ్‌కు ఒప్పించుకుంటాను. మేలో తిరుపతి గంగ జాతరప్పుడు సమస్య తిరగబడుతుంది. గిరాకీ పెరుగుతుంది, షాపుల ముందు పంజరాలు ఎండలో కిక్కిరిసిపోతాయి.

లిఫ్టింగ్ ఎప్పుడూ రాత్రే, మసక వెలుతురులో. మేత కోతకు 8 నుంచి 12 గంటల ముందు ఆపాలి, దారిలో పట్టే సమయం కూడా అందులోదే. నీళ్లు మాత్రం పట్టుకునే దాకా ఉండాలి. కూలీలు ఒక్కో కాలు పట్టుకుని చేతికి నాలుగైదు కోళ్లు వేలాడదీస్తారు, తొడ కీలు అక్కడే జారుతుంది. వాళ్లకు కూలి కోడి లెక్కన కాబట్టి తొందర. తొందర తగ్గాలంటే ఆ రాత్రికి ఇద్దరు మనుషుల్ని అదనంగా పెట్టాలి. రెండు కాళ్లూ కలిపి పట్టాలి, చేతికి మూడుకు మించకూడదు. ట్రేకు 10, ఎండాకాలం 8. బెంగళూరు పోయినా మద్రాసు పోయినా బండి పగలు ఎక్కడా ఆగకూడదు, ఆగిన బండిలో నడిమి ట్రేలకు గాలి ఆడదు. నాటుకోడి హాయిగా పెరిగిందని మురిసిపోయేవాళ్లు దాన్ని సంత నుంచి తెచ్చేది బైకు హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసే.

ఒక జంతువు కళ్లెదుట ఇంకోదాన్ని కోయకూడదని 2001 నాటి కబేళా నిబంధనల్లో ఉంది. చికెన్ షాపుల్లో పంజరం పక్కనే మొద్దు ఉంటుంది. కత్తి పదునుగా ఉండాలి, దవడ కింద రెండు పక్కల రక్తనాళాలూ ఒకే కోతకు తెగాలి. ఒక పక్కే తెగితే స్పృహ పోవడం ఆలస్యమవుతుంది. డ్రమ్ములో విసిరేయకుండా కోన్‌లో (కోడిని కదలకుండా పట్టి ఉంచే గరాటులాంటిది) తలకిందులుగా పెట్టి 2 నిమిషాలు ఆగాలి. వేడినీళ్లలో ముంచేలోపు ప్రాణం పూర్తిగా పోవాలి. ఇంటి అవసరానికి కోసినప్పుడు నేను చేసేది ఇదే. షాపువాళ్లను అడిగితే కోన్ పెట్టడానికి కొందరు ఒప్పుకుంటారు, రెక్కలు విరగవు, మాంసం నల్లబడదు అని చెబితే.

ఇవన్నీ చేసినా జాతిలో ఉన్న కష్టం పోదు. 40 రోజుల్లో 2 కిలోలయ్యేలా తయారుచేసిన కోడి ఇది. దీని తల్లి కోళ్లకు కడుపునిండా మేత పెట్టరు, పెడితే కొవ్వెక్కి గుడ్లు తగ్గిపోతాయి. వనరాజా లాంటి నిదానంగా పెరిగే జాతికి ఇదే బరువుకు రెండింతల సమయం పైనే పడుతుంది, మేతా ఎక్కువే. అవి ఇక్కడ కంపెనీ ఒప్పందంలో దొరకవు కాబట్టి సొంత పెట్టుబడితో ఒక పక్క గదిలో కొద్దిగా పెంచుతున్నాను. కిలోకు ఎంత ఎక్కువ ఇస్తారో కొనేవాళ్లతో ముందే మాట్లాడుకుని, అడ్వాన్సు చేతికొచ్చాకే పిల్లల్ని దింపుతాను.