బెర్లిన్ ముద్ర నుంచి రొసారియో ముద్ర దాకా

బ్యూనస్ ఎయిర్స్‌లో రెతీరో స్టేషన్ దిగి శాన్ మార్టిన్ పార్కు దాటితే పాలాసియో పాస్ వస్తుంది. ఒక పత్రికాధిపతి కట్టించిన మహలు అది, ఇప్పుడు సైనికాధికారుల క్లబ్బు. దేశ ఆయుధ మ్యూజియం అందులోనే ఉంది. తుపాకుల్ని ఊరికే చూసుకుంటూ పోతే గంటలో అయిపోతుంది. ఇనుము మీది అక్షరాలు చదువుతూ వెళ్లాం కాబట్టి మాకు పూటంతా పట్టింది.

జర్మన్ రకమైన 1891 మౌజర్ రైఫిల్‌ను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. దాని మ్యాగజైన్, అంటే తూటాలు పెట్టే గూడు, పొట్టలా కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఐదు తూటాలూ ఒకే వరసలో నిలబడతాయి మరి. 1909 మోడల్‌లో తూటాల్ని అటూ ఇటూ జంటవరసగా పేర్చడంతో ఆ పొట్ట లోపలికి పోయింది. రెండూ 7.65 మిల్లీమీటర్ల తూటావే, రెండింటిలోనూ జర్మనీలో చేసినవాటి మీద బెర్లిన్ పేరు ఉంటుంది. పైన కరచాలనం చేస్తున్న రెండు చేతులతో అర్జెంటీనా జాతీయ చిహ్నం ఉంటుంది. విదేశాలకు అమ్మేసిన వాటిలో చాలావాటికి దాన్ని గీకేశారు. చిహ్నం చెక్కుచెదరకుండా ఉన్నవాటికి సేకర్తలు ఎక్కువ ధర పెట్టేది అందుకే.

పిస్తోళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 1927 మోడల్ కోల్ట్‌లో మొదటి 10,000 అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నుంచి వచ్చాయి, తర్వాతవి లైసెన్సు మీద అర్జెంటీనాలో తయారయ్యాయి. క్యాలిబర్‌ను, అంటే గొట్టం కొలతను, 11.25 మిల్లీమీటర్లు అని రాసుకున్నారు గానీ తూటా మాత్రం అమెరికన్ పాయింట్ 45 (అంగుళాల్లో). భాగాలు కూడా అమెరికన్ సైనిక పిస్తోలు 1911ఏ1కు సరిపోతాయి.

పక్కనే ఉండే బల్యెస్తెర్-మొలీనా చూపుకు అదే పిస్తోలు, కానీ కాదు. కార్లు, ఇంజన్ల కంపెనీ హఫ్‌దాసా 1938 నుంచి చేసిన రకం ఇది. పిడి వెనక చూడండి, గ్రిప్ సేఫ్టీ (పిడిని గట్టిగా పట్టుకుంటేనే పేలనిచ్చే మీట) ఉండదు. ట్రిగ్గర్ వెనక్కి జారదు, ఇరుసు మీద తిరుగుతుంది. స్లైడు (వెనక్కీ ముందుకూ జారే పై భాగం) మీది గీతలు సమానంగా కాక గుంపులుగా ఉంటాయి. గొట్టం, మ్యాగజైన్ కోల్ట్‌కు సరిపోతాయి, ట్రిగ్గర్ భాగాలు సరిపోవు. విడిభాగాలు కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. 1939లో మునిగిన జర్మన్ నౌక గ్రాఫ్ ష్పే ఉక్కుతో ఇవి చేశారన్న కథకు ఆధారాలు లేవు, అయినా అమ్మేవాళ్లు ఆ మాట మానరు.

1941లో జనరల్ మనువేల్ సావియో చొరవతో సైనిక తయారీ సంస్థ ఏర్పడింది. ఆ తర్వాతి ముద్రల్లో రొసారియో నగరంలోని కర్మాగారపు పొడి అక్షరాలు కనిపిస్తాయి. అక్కడ చేసిన పామ్-1 సబ్‌మెషిన్ గన్ అమెరికన్ సబ్‌మెషిన్ గన్ ఎం3ఏ1కు 9 ఎంఎం నకలు. బోల్టును (తూటాను గొట్టంలోకి నెట్టే ఇనుప దిమ్మను) వెనక్కి లాగి ఉంచి పేల్చే రకం. ఇలాంటివి మ్యాగజైన్‌తో ఉండగా జారి తుపాకీ వెనక కొస నేలకు తగిలేలా పడితే బోల్టు దానంతటదే కదిలి పేలిపోవచ్చు. పామ్-2లో మ్యాగజైన్ గూటి దగ్గర పిడికిలితో నొక్కే సేఫ్టీ చేర్చింది ఇందుకే.

బెల్జియం లైసెన్సుతో 1960 ప్రాంతంలో ఎఫ్ఏఎల్ రైఫిల్ తయారీ మొదలైంది. మన ఇషాపూర్‌లో తయారై తెలుగునాట ప్రతి పోలీసు స్టేషన్‌కూ తెలిసిన ఎస్ఎల్ఆర్ రైఫిల్‌కు ఇది దాయాది. మనది ఒక్కొక్కటిగానే పేలుతుంది, రొసారియోది వరసగా కూడా పేలుతుంది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో ఇరుపక్షాల చేతుల్లోనూ ఈ కుటుంబమే. అయితే బ్రిటిష్‌వి అంగుళాల కొలత, అర్జెంటీనావి మెట్రిక్. మెట్రిక్ మ్యాగజైన్ బ్రిటిష్ రైఫిల్‌లో కాస్త వదులుగానైనా పట్టేది. బ్రిటిష్ మ్యాగజైన్ ఇటు ఎక్కేది కాదు.

రెతీరో నుంచి రొసారియోకు బస్సులో నాలుగు గంటలు, 300 కిలోమీటర్లు. ఈ తుపాకులు చేసిన డొమింగో మతేయు కర్మాగారం ఒవీదియో లాగోస్ వీధిలో ఉండేది. 1810 నాటి తొలి ప్రభుత్వంలో సభ్యుడై, తుపాకుల తయారీ చూసుకున్న వ్యాపారి పేరది. 1976 తర్వాతి సైనిక నియంతృత్వంలో ఇదే ప్రాంగణాన్ని రహస్య నిర్బంధ కేంద్రంగానూ వాడారు. మ్యూజియం అద్దాల్లో లేని చరిత్ర ఇది. ఆఖరుగా 1980లలో ఇక్కడ చేసిన 5.56 ఎంఎం ఫారా-83 రైఫిల్ కొద్ది సంఖ్యలోనే ఆగిపోయింది. కర్మాగారం మూతపడ్డాక ఆవరణలో నగర పోలీసు కేంద్ర కార్యాలయం పెట్టారు.