బోడ్రుంలో టూరు బస్సు ఎక్కకండి: నా అనుభవం

నిన్న రాత్రే ఫ్రాంక్‌ఫర్ట్ తిరిగొచ్చాం. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్యగారిని, మామయ్యగారిని టర్కీలో ఈజియన్ సముద్రం ఒడ్డునున్న బోడ్రుం తీసుకెళ్లాం. వీసా తలనొప్పి లేదు. చెల్లుబాటులో ఉన్న షెంజెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసాగానీ, రెసిడెన్స్ పర్మిట్‌గానీ ఉంటే మనవాళ్లు ఇంట్లో కూర్చుని ఈ-వీసా తీసుకోవచ్చు. అది సింగిల్ ఎంట్రీ. ఎదురుగా కనిపించే గ్రీకు దీవి కోస్‌కి పడవలో వెళ్లొద్దామనుకుంటే, తిరిగి టర్కీలో అడుగుపెట్టడానికి ఇంకో వీసా కావాలి. పెద్దవాళ్ల షెంజెన్ మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో కూడా చూసుకోండి, జర్మనీకి తిరిగి రావాలి కదా. విమానం, హోటలు బాగానే ఉన్నాయి. తిండికి గోజ్లెమె ఉంది: పల్చటి రొట్టెలో పాలకూరో, బంగాళదుంపో పెట్టి పెనం మీద కాలుస్తారు. అత్తయ్యగారు అదే తిని గడిపేశారు.

అసలు కథ టూరుతో మొదలైంది. హోటల్లో కౌంటరు పెట్టుకున్న ఏజెంటు "ఏడు వింతల టూరు" అన్నాడు. పెద్దవాళ్లు ఊళ్లోని కోట ఎక్కలేరు, ఏసీ బస్సులో హాయిగా చూపిస్తాం అన్నాడు. బస్సు ఊరు దాటి పోతుంటే ఇదేంటని గైడుని అడిగాను. "రెస్ట్‌రూం కోసం పది నిమిషాలు" అన్నాడు. దిగి చూస్తే కార్పెట్ షోరూం.

లోపలికెళ్లగానే కుర్చీలు వేశారు, చేతికి యాపిల్ టీ ఇచ్చారు. ఒకడు "నమస్తే, షారుఖ్ ఖాన్!" అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు కార్పెట్లు ఒకదాని మీద ఒకటి పరుస్తూనే ఉన్నారు. ఇది ఉన్ని, ఇది పట్టు, ఇది రెండు ముళ్ల అల్లిక అంటూ ఉపన్యాసం. మామయ్యగారు మర్యాదకి ఒకదాని మీద చెయ్యి వేసి నిమిరారు. అంతే, మేనేజరు వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు. నేను అడగకుండానే ధర సగమైంది, ఆ సగంలోనూ సగమైంది. వద్దంటే నన్ను వదిలేసి మా ఆవిడనీ అత్తయ్యగారినీ ఇంకో గదిలోకి తీసుకెళ్లబోయారు. గట్టిగా వద్దన్నాను. అప్పుడు ఆ మేనేజరు బస్సులోని జర్మన్లందరికీ వినబడేలా, ఇండియన్లు టీ తాగుతారు, రేటు అడుగుతారు, కొనరు అన్నాడు. ఇంగ్లీషు రాని మామయ్యగారు అదేదో మెచ్చుకోలు అనుకుని నవ్వుతూ చేతులు జోడించారు. ఆ క్షణం నాకు, మా ఆవిడకి ఎలా ఉందో చెప్పలేను. ఆయనకి ఇప్పటికీ అర్థం చెప్పలేదు.

బయటికొచ్చి కూర్చుంటే డ్రైవరు బస్సు తలుపు తియ్యడే! మిగతావాళ్ల బేరాలు తేలేదాకా ఎండలోనే. అమ్మకం మీద గైడుకి కమిషన్ ముడుతుందని పక్కనున్న జర్మన్ ముసలాయన చెప్పాడు. కొననివాళ్ల మీద గైడు మొహం మాడ్చుకుని తిరిగాడు.

చివరికి మిగిలిన కాస్త టైములో మౌసోలియం దగ్గర దింపాడు. పర్షియన్ చక్రవర్తుల కింద ఈ ప్రాంతాన్ని ఏలిన మౌసోలస్ క్రీ.పూ. 353లో చనిపోతే, భార్యా సోదరీ అయిన ఆర్టెమిసియా కట్టించిన సమాధి. ఎత్తు సుమారు 45 మీటర్లు, ప్రాచీన ఏడు వింతల్లో ఒకటి. ఇప్పుడు అక్కడున్నది ఒక పెద్ద గుంత, కొన్ని స్తంభాల ముక్కలు. "ఏం బాబూ, బావికి తవ్వి నీళ్లు పడక వదిలేశారా?" అన్నారు మామయ్యగారు. గైడు సమాధానం చెప్పకుండా వాచీ చూపించాడు. కోట ఎప్పుడని అడిగితే టైము అయిపోయిందన్నాడు.

మర్నాడు ఉదయాన్నే మేమే నడిచి కోటకి వెళ్లాం. టికెట్టులో విదేశీయులకి వేరే ధర, కాస్త మండుతుంది. తాజ్‌మహల్ దగ్గర మనం వాళ్ల దగ్గర తీసుకునేదీ అంతేగా, కట్టేశాం. ఎక్కలేరన్న మామయ్యగారు మాకంటే ముందే పైనున్నారు. ఆ గుంతలో లేని రాళ్లు ఇక్కడ గోడల్లో ఉన్నాయి. భూకంపాలకి కూలిన సమాధి రాళ్లని 15వ శతాబ్దంలో క్రైస్తవ యోధులు మోసుకొచ్చి ఈ కోట కట్టారు. ఆకుపచ్చగా కనిపించే రాళ్లు సమాధివేనని చూపించాను. గైడు చెప్పాల్సిన పని నేనే చేశాను, వాడికన్నా బాగా చేశాను.

కోటలోనే సముద్రగర్భ పురావస్తు మ్యూజియం. దీనికి సగం రోజు పెట్టుకోండి. టర్కీలోనే కాష్ అనే ఊరి దగ్గర 1982లో స్పాంజి కోసం మునిగిన ఒకతను అడుగున చెవులున్న బిస్కెట్లలాంటి లోహపు దిమ్మలు చూశానన్నాడట. అవి రాగి. క్రీ.పూ. 14వ శతాబ్దపు ఓడ అది, ఉలుబురున్ ఓడ అంటారు. 1984 నుంచి 1994 దాకా ఇరవై రెండు వేలకు పైగా మునకలు వేసి పైకి తీశారు: పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం, నీలి గాజు దిమ్మలు, ఏనుగు దంతం, ఈజిప్టు రాణి నెఫెర్టిటి పేరున్న బంగారు ముద్ర. అత్తయ్యగారు ఆ నీలి గాజు దగ్గర నుంచి కదల్లేదు.

ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ పుట్టింది ఈ ఊళ్లోనే, అప్పటి పేరు హాలికర్నాసస్. ఇండియాలో చెట్లకి ఉన్ని కాస్తుందని రాశాడాయన. పత్తి పండించిన మామయ్యగారికి ఇది చెబితే, "ఆయనకి పురుగుమందు ఖర్చు తెలీదు" అన్నారు.

కొండ వాలున ఉన్న పాత థియేటర్ సాయంత్రం వెళ్లండి, కింద అఖాతం మొత్తం కనిపిస్తుంది. దానికీ టూరు అక్కర్లేదు.

ఏజెంటుకి డబ్బు వాపసు ఇమ్మని మెసేజ్ పెట్టాను. షాపింగ్ కోసం బస్సు ఆపడం ఆనవాయితీ, రేటింగ్ ఇవ్వండి అని జవాబొచ్చింది. ఇచ్చాను, ఒక్క స్టారు. ఇక సమాధి మీదున్న శిల్పాలు 19వ శతాబ్దంలోనే బ్రిటిష్ మ్యూజియానికి చేరాయని నోరుజారి చెప్పానా, మామయ్యగారు ఇవాళ పొద్దుట కాఫీ తాగుతూ లండన్ వీసా సంగతి అడిగారు. షెంజెన్ దానికి పనికిరాదు.